ఒకే రోజుకు నాలుగు తేదీలు: కోస్తాలోని పాత సమాధి రాళ్లు ఎందుకు తికమక పెడతాయి

బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని మూడు పేటలున్నాయి. వలంద అంటే హాలండు, పరాసు అంటే ఫ్రాన్సు. పరదేశాల వర్తకులు వచ్చి, ఉండి, పోయిన సంగతి ఆ ఊరి పేటల పేర్లలోనే మిగిలిపోయింది. పోలేక అక్కడే మట్టిలో కలిసినవారి సంగతి మాత్రం డచ్చి, అంటే హాలండువారి, శ్మశానంలోని రాతి పలకల మీద ఉంది. ఆ పలకల ఫొటోలు ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్నాయి. పుర్రె బొమ్మ కనిపిస్తే ‘సముద్రపు దొంగల సమాధి’ అనీ, డాలు బొమ్మ కనిపిస్తే ‘హాలండు రాజవంశీకుడి గోరీ’ అనీ, శిలువ కనిపించకపోతే ‘ఇవి క్రైస్తవుల సమాధులే కావు’ అనీ వాటి కింద రాతలు వస్తున్నాయి. ఈ మూడూ పొరపాట్లే. అయితే అవి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు. రాయి మీది ప్రతి గుర్తూ, ప్రతి అంకే ఒక పద్ధతికి లోబడి ఉంటుంది, ఆ పద్ధతి మనకు అలవాటైనదే అనుకుని చదవడం వల్ల వచ్చినవి. అందరూ అనుమానం లేకుండా నమ్మేసే తేదీ దగ్గరే ఈ పొరపాటు అన్నిటికంటే ఎక్కువగా జరుగుతుంది.

గోరీ, పలక, వీరగల్లు: మాటల మధ్య తేడా

వాడుకలో అన్నిటినీ సమాధి అనే అంటాం గాని, చదివేటప్పుడు కొన్నిటిని విడదీసుకోవాలి. శవాన్ని ఉంచిన గొయ్యి వేరు, దానిమీద ఇటుకతోనో రాతితోనో కట్టిన కట్టడం వేరు, ఆ కట్టడంలో పొదిగిన చెక్కుడు పలక వేరు. ఈ మూడూ ఒకేసారి తయారు కావు. పలక చెక్కించడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. శవం లేకుండా పేరు మాత్రం నిలిపేది స్మారకం. మన పల్లెల్లో ఊరి పొలిమేరలో నిలబడి ఉండే వీరగల్లు చాలావరకు ఈ కోవలోకి వస్తుంది. పశువుల మందను కాపాడబోయో, యుద్ధంలోనో చనిపోయినవాడి జ్ఞాపకంగా నిలిపిన రాయి అది. దాని కింద తవ్వితే ఎముకలు దొరకాలన్న నియమం లేదు.

డచ్చివారి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోవచ్చు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ నాలుగేళ్లు తిరిగేసరికే బందరులోనూ, పెటపోలి అని వాళ్లు పిలిచిన నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టుకుంది. 1610లో పులికాట్ చేరి తరవాత అక్కడ కోట కట్టుకుంది. భీమునిపట్నం, పాలకొల్లు, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం ఆ తరవాతివి. నేత బట్టల వ్యాపారం వాళ్ల ప్రాణం. 1824 నాటి ఇంగ్లీషు-డచ్చి ఒప్పందం ప్రకారం 1825లో ఇక్కడి స్థావరాలన్నీ ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ సమాధులకు దీపం పెట్టే బంధువులు లేరు.

గోల్కొండ సుల్తాను మరణం: ఒకే రోజుకు నాలుగు రాతలు

చిక్కు ఎంత లోతైనదో తెలియాలంటే అందరికీ తెలిసిన ఒక మరణాన్ని తీసుకుని లెక్క వేసి చూడడం మేలు. హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా హిజ్రీ 1020వ సంవత్సరం జుల్ ఖాదా నెల 17న మరణించాడు. సరిగ్గా ఆ కాలానికి బందరులో డచ్చివారు ఉన్నారు. ఇంగ్లీషువారి మొదటి ఓడ 1611లో అక్కడికి వచ్చి ఉంది. ఆ వార్తను బందరులో ముగ్గురు గుమస్తాలు తమ తమ దస్తరాల్లో రాసుకున్నారని ఊహించుకుందాం.

హిజ్రీ సంవత్సరం పూర్తిగా చాంద్రమానం. మన పంచాంగంలోలా అధిక మాసం వేసి సూర్యుడితో సరిపెట్టుకోవడం అందులో ఉండదు, కనుక ఏడాదికి సుమారు 354 రోజులే. హిజ్రీ సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చినదాన్ని ఆ సంవత్సరం నుంచి తీసివేసి, 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా తేలుతుంది. 1020ని 33తో భాగిస్తే దాదాపు 31 వస్తుంది. 1020 నుంచి 31 తీస్తే 989, దానికి 622 కలిపితే 1611. ఆ హిజ్రీ ఏడు 1611 మార్చి నడుమ మొదలై 1612 మార్చి మొదట్లో ముగిసింది. జుల్ ఖాదా పదకొండో నెల కాబట్టి మరణం 1612 జనవరిలోకి వస్తుంది. నెలలూ రోజులూ కూడా లెక్కిస్తే మన ఇప్పటి క్యాలెండరు ప్రకారం అది 1612 జనవరి 21, శనివారం.

డచ్చి గుమస్తా కూడా 1612 జనవరి 21 అనే రాసి ఉండేవాడు. ఎందుకంటే పోపు గ్రెగరీ 1582లో సవరించిన కొత్త క్యాలెండరును హాలండు, జీలండు ప్రాంతాలు వెంటనే స్వీకరించాయి, కంపెనీ కూడా దాన్నే పాటించింది. ఇంగ్లండు మాత్రం పోపు చెప్పినది మనకెందుకని 1752 దాకా పాత జూలియన్ క్యాలెండరునే పట్టుకుని వేలాడింది. ఆ రెండింటికీ 1700 ఫిబ్రవరి వరకు 10 రోజులు, ఆ తరవాత 11 రోజులు తేడా. అంతటితో ఆగితే బాగుండేది. పాత ఇంగ్లీషు పద్ధతిలో కొత్త సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న మొదలయ్యేది, అంటే మార్చి 24 దాకా పాత ఏడాదే నడుస్తున్నట్టు లెక్క. కనుక ఇంగ్లీషు గుమస్తా అదే మరణాన్ని 1611 జనవరి 11 అని రాసి ఉండేవాడు. రోజు ఒకటే, కాగితం మీద చూస్తే మాత్రం ఏడాదికి పైగా తేడా.

ఉగాదికి సంవత్సరం మారడం అలవాటైన మనకు ఇది వింతగా తోచనక్కర లేదు. ఊరి కరణం అదే రోజును శాలివాహన శకం 1533, విరోధికృతు నామ సంవత్సరం అని రాసుకుని ఉండేవాడు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ అంటారు గాని, అలా కలిపితే 1611 వస్తుంది. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న ఆ రెండు మూడు నెలలకు 79 కలపాలి. ఈ ఒక్క సంఖ్య దగ్గర తడబడి ఏడాది తేడాతో అచ్చయిన శాసన తేదీలు తక్కువేమీ కావు. శాసన కవులకు అంకెలతో రాయడం చప్పగా తోచినప్పుడు ‘గుణ రామ బాణ శశి’ అన్నట్టు మాటల్లో దాచేవారు. గుణాలు మూడు, రాములు ముగ్గురు, మన్మథుడి బాణాలు అయిదు, చంద్రుడు ఒకడు. కుడి నుంచి ఎడమకు చదువుకుంటే 1533. ఇలాగే పారసీ భాషలో చెక్కిన సమాధి రాళ్ల మీద పద్యంలోని చివరి మాటల అక్షరాలకు విలువ కట్టి కూడితే మరణ సంవత్సరం వచ్చేలా రాసే ఆచారం ఉంది.

వారం పేరు: రాయి మీది నమ్మకమైన సాక్షి

ఇన్ని పద్ధతుల్లో తేదీలు మారాయి, నెలలు మారాయి, ఏళ్లు మారాయి. మారనిది వారం ఒక్కటే. జూలియన్ నుంచి గ్రెగరీ పద్ధతికి మారినప్పుడు పది రోజులు ఎగిరిపోయినా గురువారం తరవాత శుక్రవారమే వచ్చింది. కాబట్టి రాయి మీద తేదీతో పాటు వారం కూడా చెక్కి ఉంటే అది లెక్కను సరిచూసే తాళంచెవి లాంటిది.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒక పలక మీద ‘బుధవారం, ఫిబ్రవరి 10, 1685’ అని ఉందనుకుందాం. దీన్ని నాలుగు రకాలుగా చదవవచ్చు. కొత్త క్యాలెండరు, సంవత్సరం జనవరిలోనే మొదలు అనుకుంటే ఆ రోజు శనివారం అవుతుంది. కొత్త క్యాలెండరే గాని చెక్కినవాడి లెక్కలో సంవత్సరం మార్చిలో మారుతుంది, అంటే మనకు 1686 అనుకుంటే ఆదివారం. పాత క్యాలెండరు, సంవత్సరం జనవరి నుంచి అనుకుంటే మంగళవారం. పాత క్యాలెండరు, సంవత్సరం మార్చి నుంచి అనుకుంటే బుధవారం. రాయి బుధవారం అంటోంది కనుక చనిపోయినవాడు ఇంగ్లీషు పద్ధతి పాటించేవారి మధ్య చనిపోయాడనీ, మన లెక్కలో ఆ రోజు 1686 ఫిబ్రవరి 20 అనీ తేలుతుంది. అదే వీధిలో, అదే రోజున చనిపోయిన డచ్చివాడి పలక మీద 1686 ఫిబ్రవరి 20 అనే ఉంటుంది. రెండు పలకలనూ పక్కపక్కన పెట్టి, ఇంగ్లీషువాడు ఏడాది ముందే పోయాడని రాసేస్తే ఒకే విషజ్వరానికో, ఒకే తుపానుకో బలైన ఇద్దరిని మనమే విడదీసినట్టవుతుంది.

ఈ గందరగోళం అప్పటివారికీ తెలుసు. అందుకే జనవరి నుంచి మార్చి 24 వరకు వచ్చే తేదీలకు రెండు సంవత్సరాలనూ గీత గీసి పక్కపక్కన రాసే అలవాటు వచ్చింది. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పుట్టిన తేదీ వాళ్ల కుటుంబ బైబిలులో 1731/2 ఫిబ్రవరి 11 అనే ఉంది. ఇప్పుడు జరుపుకునేది 1732 ఫిబ్రవరి 22. సమాధి రాయి మీద ఇలాంటి గీత కనిపిస్తే అది చెక్కినవాడు చేసిన తప్పూ కాదు, దిద్దుబాటూ కాదు.

అయితే వారం చెప్పే సాక్ష్యానికీ ఒక హద్దు ఉంది. హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రాత్రి పోయినవారికి శనివారం అని ఒకరు, ఆదివారం అని మరొకరు రాయడంలో ఇద్దరూ సత్యమే చెప్పి ఉండవచ్చు. హిజ్రీ నెల నెలవంక కనబడడం మీద ఆధారపడుతుంది కాబట్టి లెక్క కట్టిన తేదీకీ ఆ ఊళ్లో పాటించిన తేదీకీ ఒక రోజు అటూ ఇటూ ఉండవచ్చు.

ఆర్మేనియన్ల రాళ్లు వీటన్నిటికంటే కఠినం. బందరులోనూ, గోల్కొండ రాజ్యంలోనూ వాళ్లు పేరున్న వర్తకులు. హైదరాబాదు ఉప్పుగూడలో వాళ్ల పాత శ్మశానం ఉంది. వాళ్ల లిపిలో అక్షరాలే అంకెలు కూడా. వాళ్ల పెద్ద శకానికి 551 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఇరాన్‌లోని ఇస్ఫహాను దగ్గరి కొత్త జుల్ఫా ఆర్మేనియన్ వర్తకులు వాడిన చిన్న శకం 1616లో మొదలైంది కనుక దానికి 1615 కలపాలి. రాతి మీద 70 అని మాత్రమే చెక్కి ఉంటే, చూసినవారు దాన్ని వయసు అనుకునే ప్రమాదం ఉంది. అది 1685 కావచ్చు.

‘34వ ఏట’ అంటే వయసెంత?

లాటిన్ పలకల మీద మరణ తేదీ పక్కనే తరచుగా ఒక మాట కనిపిస్తుంది, ‘ఏటాటిస్ సూయే 34’ అని. దీన్ని చాలామంది ‘వయసు 34’ అని అనువదిస్తారు. నిజానికి దాని అర్థం ‘తన 34వ ఏట’ అని. తెలుగులో ఈ తేడా మనకు పుట్టుకతోనే తెలుసు. పదహారు నిండిన పిల్ల వేరు, పదహారో ఏడు నడుస్తున్న పిల్ల వేరు. 1686 ఫిబ్రవరి 20న 34వ ఏట పోయినవాడికి నిండినవి 33 ఏళ్లే. అతను 1652 ఫిబ్రవరి 21కీ 1653 ఫిబ్రవరి 20కీ మధ్య పుట్టి ఉంటాడు. వయసు 34 అనుకుని వెతికితే ఒక ఏడాది వెనక్కి పోయి, వేరే దంపతుల పిల్లవాణ్ణి ఇతనుగా పొరబడతాం. చిక్కు ఏమిటంటే ఈ లాటిన్ మాటను వాడినవారందరూ లాటిన్ పండితులు కారు. నిండిన వయసు చెప్పడానికి కూడా దాన్నే వాడినవారున్నారు. కనుక ఊరి దస్తరంలో మరో ఆధారం దొరికేదాకా రెండు సంవత్సరాలనూ మనసులో ఉంచుకోవడమే సరైన పని.

డచ్చి పలకల్లో ఇంకో అలవాటు ఉంది. ‘34 సంవత్సరాల 3 నెలల 5 రోజుల వయసులో’ అని పూర్తిగా చెప్పడం. ఇది మనకు లాభమే. మరణ తేదీ నుంచి ముందు రోజులు, తరవాత నెలలు, చివరికి ఏళ్లు తీసుకుంటూ వెళితే పుట్టిన రోజు బయటపడుతుంది. పై తేదీకే లెక్క కడితే 1651 నవంబరు 15 వస్తుంది. ముస్లిం సమాధుల మీది వయసు చాంద్రమాన సంవత్సరాల్లో ఉంటే మరో సవరణ కావాలి. అక్కడి 68 ఏళ్లు మన 66కు సమానం.

అక్షరం కనిపిస్తుంది, మాట అందదు

డచ్చి పలక చాలావరకు ‘హీర్ లైట్ బెఖ్రావెన్’ అని మొదలవుతుంది. ‘ఇక్కడ ఖననమై ఉన్నారు’ అని అర్థం. తరవాత పేరు, ‘కోప్‌మన్’ వంటి హోదా, పుట్టిన ఊరు, పోయిన తేదీ, వయసు వరసగా వస్తాయి. కోప్‌మన్ అంటే వర్తకుడు. అయితే కంపెనీలో అది ఉద్యోగపు మెట్టు పేరు. దానికి పైన ఒపర్‌కోప్‌మన్, కింద ఒండర్‌కోప్‌మన్ ఉండేవారు. కాబట్టి ‘వర్తకుడు’ అని కనబడగానే సొంత దుకాణం పెట్టుకున్నవాడనుకోకూడదు. ఈనాటి తహసీల్దారు, డిప్యూటీ తహసీల్దారు లాంటి వరసే అది.

ఈ వరస తెలిసి ఉంటే సగం అక్షరాలు చెరిగిపోయినా మిగిలినవి పోల్చుకోవచ్చు. తెలియకపోతే అక్షరాలు నిక్షేపంలా ఉన్నా అర్థం కావు. పెద్దక్షరాల్లో ‘యు’ రాయవలసిన చోట ‘వి’ ఉంటుంది, ‘జే’ బదులు ‘ఐ’ ఉంటుంది. చిన్నక్షరాల్లో మాట నడుమ వచ్చే ‘ఎస్’ నిలువుగా సాగి ‘ఎఫ్’ లా కనిపిస్తుంది. చోటు చాలనప్పుడు రెండు అక్షరాలకు ఒకే నిలువు గీత వాడి అతికించేవారు. మన గొలుసుకట్టు రాత చదవడం వచ్చినవారికి ఈ పొదుపు కొత్త కాదు. ఇంగ్లీషు రాళ్ల మీద ‘రెలిక్ట్’ అని ఉంటే ఆమె భర్త ముందే పోయినట్టు, ‘కాన్‌సార్ట్’ అని ఉంటే భర్త బతికుండగానే ఆమె పోయినట్టు. ఆ ఒక్క మాట వల్ల పక్కనున్న పేరు లేని సమాధి ఎవరిదై ఉంటుందో ఊహించే వీలు కలుగుతుంది.

పేర్ల దగ్గర మరో తికమక. డచ్చి స్త్రీ పెళ్లయినా పుట్టింటి పేరు వదలదు. సమాధి మీద ఆమె పేరు పుట్టింటి పేరుతో రాసి, ఆ తరవాత ‘ఫలానావాడి హౌస్‌ఫ్రావ్’ అని, అంటే ఇల్లాలు అని రాస్తారు. భార్యాభర్తల పలకలు పక్కపక్కనే ఉన్నా ఇంటిపేర్లు కలవవు. దాంతో చూసినవారు వీళ్లకు సంబంధం లేదనుకుంటారు. పైగా మామూలు జనంలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు. ‘యాన్స్’ అనే పొట్టి మాట ‘యాన్ కొడుకు’ అన్నదానికి సంక్షేపం. యాన్ కొడుకు పీటర్ పేరు పీటర్ యాన్స్ అయితే, పీటర్ కొడుకు పేరు చివర పీటర్స్ వస్తుంది. తండ్రికీ కొడుక్కీ ఇంటిపేరు మారిందని బెంగ పడనక్కర లేదు. నెపోలియన్ పాలనలో 1811లో పౌర దస్తరాలు వచ్చాకే ఆ దేశంలో అందరికీ స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి అయింది.

పుర్రె, ఇసుక గడియారం, డాలు: వీటి అర్థం మీద వాదాలు

పులికాట్ డచ్చి శ్మశానం వాకిలికి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. ఒకదాని చేతిలో ఇసుక గడియారం. పలకల మీద పుర్రెలు, అడ్డంగా పెట్టిన ఎముకలు, రెక్కల గడియారాలు కనిపిస్తాయి. ఇవి దొంగల గుర్తులు కావు, ‘నువ్వూ పోయేవాడివే సుమా’ అని చూసేవాణ్ణి హెచ్చరించే బొమ్మలు. ఆ కాలపు యూరపులో చర్చి నేల మీదా, చిత్రపటాల్లోనూ ఇవే బొమ్మలు. దొంగల జెండా మీదికి పుర్రె వెళ్లింది కూడా ఈ భయాన్ని అరువు తెచ్చుకునే. శిలువ లేకపోవడానికి కారణం మతమే. ప్రొటెస్టెంటు శాఖ అయిన డచ్చి సంస్కరణ చర్చి శిలువను, సాధువుల బొమ్మలను కాథలిక్కుల ఆచారంగా చూసి దూరం పెట్టింది. శిలువ లేకపోవడం వాళ్ల భక్తి లోపానికి కాదు, ఒక రకం భక్తికి గుర్తు.

ఆ బొమ్మలు కాలక్రమంలో ఎందుకు మారాయన్న దాని మీద మాత్రం పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఈ చర్చ బాగా జరిగినది మన దగ్గర కాదు, అమెరికా ఈశాన్యపు పల్లె శ్మశానాల గురించి. అక్కడ తేదీలున్న రాళ్లు వేలల్లో ఉన్నాయి. 1960లలో జేమ్స్ డీట్జ్, ఎడ్విన్ డెత్లెఫ్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు వాటిని లెక్కపెట్టి, 17వ శతాబ్దంలో రెక్కల పుర్రె, 18వ శతాబ్దం సాగేకొద్దీ రెక్కలున్న పసిముఖం, ఆ శతాబ్దం చివరికి కలశం మీదికి వంగిన విల్లో చెట్టు రావడాన్ని చూపించారు. కఠినమైన ప్యూరిటన్ విశ్వాసం సడలి, మరణాన్ని శిక్షగా కాక పరలోక ప్రయాణంగా చూడడం పెరిగినందువల్లే ఈ మార్పు వచ్చిందని వాళ్లు వాదించారు. తరవాతివారు దీనికి అడ్డు చెప్పారు. బొమ్మను ఎంచుకున్నది చనిపోయినవాడి మతమా, శిల్పి దగ్గరున్న నమూనా పుస్తకమా, పక్కింటివారు చెక్కించిన రాయి చూసి పుట్టిన ముచ్చటా అని అడిగారు. ఒకే శిల్పి ఒకే ఏడాది పుర్రెనూ, పసిముఖాన్నీ చెక్కిన ఊళ్లలో విశ్వాసం ఒక్కటే కారణమని చెప్పడం కష్టం. వేల రాళ్లను కలిపి చూసినప్పుడు మొదటి వాదానికి బలం ఉంది, ఒక్క రాయి ముందు నిలబడ్డప్పుడు రెండోదానికి. బందరులోనో భీమిలిలోనో ఉన్న కొద్దిపాటి పలకలను చూసి డచ్చివారి మనసు మారిందని చెప్పడానికి మాత్రం ఏ వాదమూ చాలదు.

డాలు బొమ్మ సంగతి సులువు. హాలండులో వంశచిహ్నం పెట్టుకోవడానికి రాజు అనుమతి అక్కర్లేదు. సొమ్మున్న బట్టల వర్తకుడు కూడా తనకు నచ్చిన చిహ్నాన్ని కల్పించుకునేవాడు. డాలు రెండుగా చీలి ఉంటే ఒక సగం భర్తది, మరో సగం భార్యది.

చెక్కినవాడు ఎక్కడివాడు?

ఈ పలకలు హాలండులో చెక్కించి ఓడల్లో తెచ్చినవన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువుకు రాళ్లు వేసేవారు కనుక ఈ మాట అసాధ్యమేమీ కాదు. దీన్ని తేల్చడానికి రాతినే అడగవచ్చు. హాలండులో గట్టి రాయి పుట్టదు. అక్కడి చర్చి సమాధులకు వాడినది ఎక్కువగా బెల్జియం నుంచి తెచ్చిన నీలిబూడిద రంగు సున్నపురాయి. దానిలో పాత నత్తల, పగడాల శిలాజాల మరకలు ఉంటాయి. తూర్పు తీరపు నల్లరాయి, గ్రానైటు జాతి రాళ్లు స్ఫటికాలతో మెరుస్తాయి, శిలాజం మచ్చుకైనా ఉండదు. వ్యాపారం కూడా వ్యతిరేక దిశలోనే జరిగింది. ఇప్పుడు జకార్తా అయిన బటావియాలోని డచ్చి సమాధులకు కోరమండల్ తీరం నుంచే చెక్కిన పలకలు వెళ్లేవి.

అంటే కాగితం మీద గీసి ఇచ్చిన అక్షరాలను బొమ్మలుగా భావించి చెక్కినవాడు మనవాడే అయ్యే అవకాశం ఎక్కువ. అతనికి డచ్చి రాకపోవచ్చు. అందుకే తిరగబడిన అక్షరమో, వరుస చివర అడ్డదిడ్డంగా తెగిన మాటో కనిపిస్తే దానికి గొప్ప అర్థాలు వెతకడం కంటే ముందు ఆ శిల్పిని గుర్తుచేసుకోవడం మంచిది. డాలు చుట్టూ ఉన్న ఆకుల తీగ మాత్రం ఎక్కడా తడబడదు. అలాంటి లతలు చెక్కడం అతని చేతికి తరతరాలుగా వచ్చిన విద్య. ఒకే పలక మీద తొట్రుపడే అక్షరం, పొంగి ప్రవహించే తీగ పక్కపక్కన కనిపించడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

రాయి ఉన్నచోటే మనిషి ఉన్నాడా?

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. గుత్తి కోట కింద ఉన్న ఇంగ్లీషు శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. గుత్తిలో స్మారకం నేటికీ ఉంది, మనిషి లేడు. రాయలసీమలో ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నవారున్నారు, ఆ పేరుకు సమాధితో పని లేదు. మరి గుత్తిలోని రాయి అబద్ధం చెబుతోందా అంటే, నాలుగేళ్ల పాటు అది అక్షరాలా నిజం.

కుతుబ్ షాహీ గోరీల్లో ఈ ఎడం నిట్టనిలువుగా ఉంటుంది. మహమ్మద్ కులీ గోరీలో పైఅంతస్తులో యాత్రికులు చూసే నల్లరాతి సమాధి గుర్తు కోసం ఉంచినది. అసలు ఖననం కింది గదిలో జరిగింది. బటావియా రాళ్లది మరో కథ. అక్కడి పాత శ్మశానపు పలకల్లో కొన్నిటి మీద ‘హెచ్.కె.’ అని రెండక్షరాలుంటాయి. చనిపోయినవారి పేరు పొడి అక్షరాలేమో అనిపిస్తుంది. అవి ‘హోలాండ్సే కెర్క్’ అనే డచ్చి చర్చి నుంచి ఆ రాళ్లను తెచ్చి పెట్టారనడానికి గుర్తు. అంటే ఆ రాళ్లు మొదట పెట్టిన చోట లేవు, ప్రయాణం చేశాయి.

మన ఊళ్లలో ప్రయాణాలు ఇంత పద్ధతిగా జరగలేదు. కట్టడంలోని ఇటుకలు కూలాక పలకలు గడపరాళ్లుగానో, చాకిరేవు బండలుగానో మారాయి. గుప్తనిధుల వేటగాళ్లు కట్టడాన్ని పగలగొట్టి పలకను పక్కకు తోసేసిన చోట్ల ఏ రాయి ఏ గోతిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అలాంటి చోట పలక మీది పేరును నమ్మవచ్చు, తేదీని లెక్క కట్టి నమ్మవచ్చు, చోటును మాత్రం నమ్మకూడదు.

ఇక్కడి నుంచే ఇంకో వాదం పుడుతుంది. విలువైన పలకలను మ్యూజియానికి చేర్చాలని కొందరు, ఉన్నచోటే ఉంచాలని కొందరు అంటారు. ఉప్పుగాలి, రావి మొలకలు, దొంగతనాలు చూసినవారికి మొదటి మాట సబబుగా తోస్తుంది. గోడకు ఆనించిన పలక తన పక్కనున్న భార్య పలక నుంచి, పాదాల దగ్గరి బిడ్డ సమాధి నుంచి విడిపోతుంది కనుక, ఇంటిపేరు కలవని దంపతులను కలిపి చూపే ఒకే ఒక ఆధారం పోతుందని రెండో పక్షం అంటుంది. పోయేలా ఉన్నదాన్ని తీసి, అది ఉన్న చోటును కొలతలతో సహా రాసి ఉంచే మధ్యేమార్గం కూడా ఉంది, కాని ఆ కొలతల కాగితం రాయిలా మూడు వందల ఏళ్లు నిలిచిన సందర్భాలు తక్కువ.

గోకితే పోయేది, వెలుగుకు తేలేది

అక్షరం కనబడక జనం సుద్దముక్క రుద్దుతారు, పిండి చల్లుతారు, ఇనుప బ్రష్షుతో గోకుతారు. గోకినప్పుడు నాచుతో పాటు రాతి పైపొర కూడా రాలుతుంది. ఒకసారి బాగా కనిపించిన అక్షరం తరవాత ఎప్పటికీ కనబడదు. సుద్ద పూసినవాడు తాను చదివిన అంకెనే రాతి మీద గీస్తాడు, ఆ తరవాత వచ్చినవారందరూ రాతిని కాక అతని ఊహనే చదువుతారు. 1 మీద కాస్త ఎక్కువ సుద్ద పడితే 7 అవుతుంది, ఒక మనిషి ఆరేళ్లు ఎక్కువ బతుకుతాడు. ఏటేటా పలకను కడిగి అక్షరాలకు నల్లరంగు దిద్దే కుటుంబాలను మాత్రం నేను తప్పుపట్టలేను. వాళ్లకు అది శాసనం కాదు, తాతగారు.

వెలుగు మాత్రం రాయిని ముట్టుకోకుండానే పని చేస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పలక అంతా ఒకే రంగు. సూర్యుడు కిందికి దిగి కిరణం రాతి మీద ఏటవాలుగా పాకేటప్పుడు, వెంట్రుకవాసి లోతున్న గాడికి కూడా నీడ పడుతుంది. మొదటిసారి బందరు వెళ్లినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. పన్నెండు గంటల ఎండలో వెళ్లి, అరగంట కూర్చుని, ఒక పలక మీద డాలు తప్ప ఏమీ లేదని నోటుపుస్తకంలో రాసుకున్నాను. టీ తాగి అయిదున్నరకు మళ్లీ వస్తే డాలు కింద ఏడు వరుసలున్నాయి. నిలువు గీతలన్నీ నీడతో లేచి నిలబడ్డాయి, అడ్డగీతలు మాత్రం లేవు. సంవత్సరంలోని చివరి అంకె 1 అనిపించింది, తలమీద అడ్డగీత ఉందో లేదో తెలియక దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. అక్కడే గోడవార పుల్లలు ఏరుకుంటున్న పెద్దాయన నా వంగుళ్లు చాలాసేపు చూసి, దగ్గరకొచ్చి, తల అటు ఊపి అన్నాడు: “ఈ ఎండ ఆ రాయికి పక్క నుంచి కొడద్ది బాబూ. తలకాడ నుంచి కొట్టేది పొద్దున. ఏడింటికి రండి, మిగతా గీతలు అప్పుడు కనపడతాయి.”